పాత ఇంటికి మొదటి ఖర్చు

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరులో మల్లేశ్వరం, బసవనగుడి వీధుల్లో నడిచేవాళ్లకి రెండు అపార్టుమెంట్ల మధ్య ఒదిగిన చిన్న పెంకుటిల్లు అక్కడక్కడా ఇప్పటికీ కనబడుతుంది. 1898లో ఊరికి ప్లేగు వచ్చాక, ఇరుకు పేటల్లోని జనం గాలి వెలుతురు ఉన్నచోట బతకాలని పెంచిన బస్తీలు ఇవి. ఆ తరువాతి కాలంలో ఇక్కడ లేచిన చిన్న ఇళ్లు చాలావరకు ఒకే పద్ధతి. రాతి పునాది, మట్టి అడుసుతో పేర్చిన ఇటుక గోడలు, వాటి మీద సున్నపు పూత, టేకు వాసాలో మద్ది వాసాలో, వాటి మీద మంగళూరు పెంకులు, కాళ్ల కింద ఎర్ర గచ్చు.

అలాంటి ఇల్లు వాటాకి వచ్చి, బాగు చేయించుకోవడానికి డబ్బు మాత్రం అంతంతమాత్రంగా ఉన్నవాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మొదటి రూపాయి నీళ్ల మీద పెట్టండి. అంటే పైనుంచి వచ్చే వాన, కింద నుంచి ఎక్కే చెమ్మ, గోడలో కారే కుళాయి గొట్టం. ఈ మూడూ ఆగేదాకా రంగుల జోలికీ, వంటింటి అరల జోలికీ వెళ్లొద్దు.

మా అక్కా బావగార్లకి మల్లేశ్వరంలో రెండు గదుల ఇల్లు ఇలాగే వచ్చింది. చాలాకాలం తాళం వేసి ఉంచిన ఇల్లు. వాన పడితే నడవా అంతా కురిసేది. పెరటి గోడ బొజ్జలాగి ఉంది. పిలిచిన కాంట్రాక్టరు గుమ్మంలో నిలబడే, "పడగొట్టేయండి సార్, బాగుచేత డబ్బుకి ఇంకొంచెం కలిపితే కొత్తదే వస్తుంది" అన్నాడు. ఆ "ఇంకొంచెం" అంటే బావగారి పింఛను మీద మోయలేని అప్పు. వాళ్ల దగ్గరున్నది పదవీ విరమణ డబ్బులో మిగిలిన ముక్క మాత్రమే.

తరువాత వచ్చిన మేస్త్రీది చింతామణి వైపు. మన తెలుగే మాట్లాడతాడు. ఆయన ఇంట్లోకి రాకుండా ముందు ఇంటి చుట్టూ తిరిగాడు. గోడ అడుగున చెయ్యి పెట్టి చూశాడు. "అమ్మా, మీ ఇల్లు పైనుంచి కాదు, కాళ్ల నుంచి నానుతా ఉంది" అన్నాడు. నిజమే. వీధిలో తారు మీద తారు, దాని మీద కాంక్రీటు పడుతూ వచ్చి, రోడ్డు ఇంటి గచ్చు కన్నా ఎత్తయిపోయింది. పెరట్లోనూ ఏళ్ల తరబడి చెత్తా మట్టీ చేరి పునాది రాయి కనబడకుండా పోయింది. వాన నీళ్లకి పోయేదారి లేక గోడలోకి ఎక్కుతున్నాయి.

దీనికి మందు ఖరీదైనది కాదు, ఒంటి కష్టం. గోడ వెంబడి చేరిన మట్టిని పునాది రాయి బయటపడేదాకా తవ్వి తీశారు. అడుగు వెడల్పున చిన్న కాలవ తీసి, కంకర నింపి, నేల వాలు ఇంటి నుంచి బయటికి ఉండేలా సర్ది, ఆ నీటిని వీధి కాలవకి కలిపారు. ఆ తరువాత కుళాయిలు. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, నీటి మీటరు దగ్గర కాసేపు నిలబడి చూడాలి. ముల్లు కదులుతూ ఉందంటే ఎక్కడో గొట్టం కారుతున్నట్టే. పాత జీ.ఐ. గొట్టాలు, అంటే జింకు పూత వేసిన ఇనుప గొట్టాలు, గోడలో లోపలి నుంచి తుప్పు పట్టి ఉంటాయి. వాటిని వెతుకుతూ గోడంతా పగలగొట్టే కన్నా, అక్కడే వదిలేసి, గోడ పైన కనబడేలా కొత్త గొట్టం వేసుకోవడం చవక. రేపు మళ్లీ కారినా కంటికి కనబడుతుంది.

ఇక కప్పు. ఉన్న డబ్బులో సగం దీనికే పోతుందని ముందే మనసులో అనుకోండి. ఈ పెంకులకో చరిత్ర ఉంది. 1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్లు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. ఒకదాని అంచు ఒకదానిలో కరుచుకునేలా అచ్చువేసిన ఈ పెంకు అక్కడి నుంచి దక్షిణదేశమంతా పాకింది. పెంకు వెనక్కి తిప్పి చూస్తే చేసిన కంపెనీ పేరూ, ఊరూ పొంగు అక్షరాల్లో ఉంటాయి. ఆ అక్షరాలు మీకు పనికొస్తాయి. ఒక కంపెనీ పెంకు గాడి ఇంకో కంపెనీ పెంకులో సరిగ్గా కూర్చోదు. వెంట్రుకవాసి తేడా ఉన్నా అక్కడే ఇల్లు కురుస్తుంది. అందుకని పాత ఇళ్లు పడగొట్టే చోటికి పెంకులు కొనడానికి వెళ్లేటప్పుడు మీ ఇంటి పెంకు ఒకటి సంచిలో వేసుకుని వెళ్లండి. బేరం ఆడే ముందు రెండూ జతచేసి చూసుకోండి.

ఇల్లు తిరగనేసేటప్పుడు పెంకులన్నీ దించి, గాడుల్లో పేరుకున్న పాచిని కొబ్బరిపీచు బ్రష్షుతో తోమాలి. సగం చోట్ల ఇల్లు కురిసేది ఆ పాచి వల్లే. గాడి పూడిపోతే నీరు కిందికి జారక పక్కకి పొర్లుతుంది. తోమిన పెంకుని వేలి కణుపుతో కొట్టండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే లోపల పగులు ఉంది. చదరపు మీటరుకి సుమారు 15 పెంకులు పడతాయి కాబట్టి ఎన్ని తక్కువ పడతాయో ముందే లెక్క కట్టుకోవచ్చు. చీకటిగా ఉండే గదికి ఒకటో రెండో గాజు పెంకులు వేయించండి. పగలు దీపం అక్కర్లేదు. ఇంత తక్కువ ఖర్చులో ఇంత సంతోషం ఇచ్చే వస్తువు ఆ ఇంటి మొత్తంలో మరొకటి లేదని నా నమ్మకం.

పెంకులు దించినప్పుడే వాసాలు చూడాలి, మళ్లీ ఆ అవకాశం రాదు. స్క్రూడ్రైవరు మొన పెట్టి గట్టిగా నొక్కితే మంచి కర్ర ఎదురు నిలుస్తుంది, పుచ్చింది మెత్తగా దిగిపోతుంది. చాలాసార్లు వాసం మొత్తం పాడైపోదు. గోడలో కూర్చునే కొస, చూరు కింద తడిసే కొస, ఈ రెండే పోతాయి. అంతవరకు కోసి, అదే జాతి పాత కర్రతో అతుకు వేసి, బోల్టులతో బిగించగల వడ్రంగి దొరికితే టేకు ధర మిగిలినట్టే. దొరకాలి మరి. అక్కావాళ్లకి బేంబూ బజారు కలప అడితిలో అడిగితే అలాంటి పెద్దాయన ఒకాయన దొరికాడు. పాత వాసాన్ని కోసినప్పుడు లోపలి నుంచి వచ్చిన ఎర్రటి పొట్టు చేతిలోకి తీసుకుని వాసన చూసి, "దీనికి ఇంకా నూరేళ్లుంది, పారెయ్యకండి" అన్నాడు. చెదల మట్టిదారులు కనబడితే గీకేసి ఊరుకోవద్దు. చెదలు ఎక్కడి తడిని పట్టుకుని పైకొచ్చాయో అక్కడికి వెళ్లి చూడండి.

పెంకుల కింద ఫాల్స్ సీలింగు మాత్రం వద్దు. చాలామంది అందానికని వేయిస్తారు. కురిసే చోటు కనబడకుండా పోతుంది, ఎలుకలకి ఇల్లవుతుంది, కర్ర పుచ్చిపోతున్నా ఎవరికీ తెలియదు. కప్పు అడుగు కంటికి కనబడటమే దానికి రక్ష.

చూరుకి తూము, అంటే జారే నీళ్లని పట్టే దోనె, పెట్టించండి. బజారులో దొరికే తూములు ఖరీదనిపిస్తే, ఆరంగుళాల పీవీసీ గొట్టాన్ని నిలువునా రెండుగా కోయించి బిగించినా పని జరుగుతుంది. లెక్క చూడండి. 60 చదరపు మీటర్ల కప్పు మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే 60 లీటర్లు. బెంగళూరులో సాయంకాలపు గట్టివాన ఒక్కటి 5 సెంటీమీటర్లు కురిస్తే 3,000 లీటర్లు. తూము లేకపోతే ఆ నీళ్లన్నీ గోడ మొదట్లోనే పడతాయి. తూము ఉంటే అదే నీరు తొట్టెలో చేరుతుంది. 2024 వేసవిలో ఈ ఊరు నీటి కోసం పడ్డ అవస్థ మనమంతా చూశాం. వాననీరు ఎలా పట్టాలో, ఎలా వడగట్టాలో చూపించడానికి జలమండలి వాళ్లు జయనగరంలో సర్ ఎం. విశ్వేశ్వరయ్య పేరిట ఒక ఉద్యానమే పెట్టారు. ఒక పూట తీరిక చేసుకుని వెళ్లండి.

ఇప్పుడు గోడల సంగతి. ఇక్కడే ఎక్కువమంది డబ్బు తగలేస్తారు. పెచ్చులూడిన పాత గోడ చూడగానే సిమెంటు పూసేద్దాం అంటారు. మట్టి అడుసుతో కట్టిన గోడ మట్టికుండ లాంటిది. కాస్త చెమ్మ పీల్చుకుంటుంది, గాలి తగిలితే వదిలేస్తుంది. కుండకి ఎనామిల్ రంగు పూస్తే నీళ్లు చల్లబడతాయా? సిమెంటు పూతా అంతే. చెమ్మ బయటికి రాలేక లోపలే ఉండిపోతుంది, దాంతో వచ్చిన ఉప్పు పూత వెనక పేరుకుంటుంది, రెండు మూడు వానాకాలాలకి సిమెంటు పలకలు పలకలుగా ఊడిపోతుంది. ఊడేటప్పుడు ఇటుక ముఖాన్ని కూడా పట్టుకుపోతుంది. మళ్లీ ఖర్చు.

సున్నపు గోడకి సున్నమే పూయాలి. కాల్చిన సున్నపురాయిని డ్రమ్ములో నీళ్లు పోసి చల్లార్చేటప్పుడు అది సలసలా మరుగుతుంది, కళ్లద్దాలు లేకుండా దగ్గరికి పోవద్దు, పిల్లల్ని అసలు రానివ్వద్దు. చల్లారిన దాన్ని జల్లించి, పైన నీళ్లు నిలిచేలా కనీసం రెండు వారాలు నాననివ్వాలి. ఒక వంతు సున్నానికి మూడు వంతుల ఇసుక. అందులో ఇటుక పొడి కలిపితే తడి తగిలే చోట గట్టిగా నిలుస్తుంది. ఆ పొడికి పెరట్లో పగిలిన ఇటుకలే చాలు. కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీళ్లు కలిపే పద్ధతి మన పెద్ద మేస్త్రీలకి తెలుసు. పలచటి పూతలుగా వేసి, గోనెపట్టాలు కట్టి, ఎండ నేరుగా తగలకుండా తడుపుతూ ఉండాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. తొందరపెడితే బీటలిస్తుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీకి కూలి కాస్త ఎక్కువైనా ఇవ్వండి. ఆ పని ఇంకా చేతిలో ఉన్నవాళ్లు తగ్గిపోతున్నారు, వాళ్ల పక్కన ఒక కుర్రవాణ్ణి కూడా పెట్టుకోమని అడగండి. పైన వెల్ల వేసేటప్పుడు చిటికెడు నీలిమందు కలిపితే చాలు, ప్లాస్టిక్ రంగులు అక్కర్లేదు.

బొజ్జలాగిన పెరటి గోడని మాత్రం విప్పక తప్పలేదు. ఆ చోట నొక్కిన మట్టి ఇటుకలు వాడారు. మట్టిలో కొద్దిపాళ్ల సిమెంటు కలిపి యంత్రంలో నొక్కే ఆ ఇటుకల మీద ఈ ఊళ్లోనే భారతీయ విజ్ఞాన సంస్థలో, 1974లో శాస్త్రవేత్త అమూల్య రెడ్డిగారు పల్లెలకి పనికొచ్చే సాంకేతికత కోసం మొదలుపెట్టిన ఆస్త్రా విభాగంలో, చాలా పని జరిగింది. పగిలిన పెంకులూ వృథా కాలేదు. స్నానాలగదికి వేసిన చిన్న స్లాబులో, కడ్డీల మధ్య ఖాళీల్లో వాటిని పరిచి కాంక్రీటు పోశారు. కేరళలో వాస్తుశిల్పి లారీ బేకర్ గారు ఎన్నో ఇళ్లకి వాడి చూపించిన పద్ధతి ఇది. స్లాబు అడుగుభాగంలో బరువు మోయని కాంక్రీటు బదులు పెంకు కూర్చుంటుంది, ఖర్చూ బరువూ తగ్గుతాయి. కడ్డీ లెక్క మాత్రం ఇంజినీరు చేతే వేయించండి.

పొదుపు చేయకూడనిది కరెంటు పని. కర్ర పట్టీల మీద బిగించిన పాత తీగలు పైకి బాగానే కనిపిస్తాయి, లోపల రబ్బరు పెళుసెక్కి రాలిపోతుంటుంది. తీగలన్నీ మార్చి, కొత్త ఎర్తింగు దింపించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి., అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు, పెట్టించండి. తడి గోడలున్న ఇంట్లో మనిషి ప్రాణం కాపాడేది అదే. సామాను ఎస్.జె.పి. రోడ్డులో నాలుగు కొట్లు తిరిగి కొనుక్కోవచ్చు, కానీ ఐ.ఎస్.ఐ. గుర్తు లేనిది తీసుకోవద్దు.

ఎర్ర గచ్చుని చాలామంది పగలగొట్టి టైల్స్ వేస్తారు. నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది. యాసిడ్ పోయకుండా మామూలు సబ్బునీళ్లతో కడిగి, ఆరాక మైనం రుద్దితే ఆ నునుపు మళ్లీ వస్తుంది. అతుకు వేసిన చోట రంగు తేడా కనబడుతుంది. కనబడనివ్వండి.

పని ఎప్పుడు మొదలుపెట్టాలని అడుగుతారేమో. బెంగళూరులో సంక్రాంతి వెళ్లాక పెంకులు దించితే, ఏప్రిల్ మే నెలల్లో మామిడి కాయల వేళకి వచ్చే గాలివానల లోపు కప్పు మూసుకోవచ్చు. ఆలస్యమైతే ఆగిపోవడం మేలు. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇక్కడ వాన జోరు ఎక్కువ, విప్పిన ఇంటిని టార్పాలిన్ కాపాడలేదు. కప్పు, తూములు, గోడ మొదళ్లు ఈ ఏడాది. ఒక వానాకాలం గడవనిచ్చి, ఎక్కడైనా చెమ్మ మిగిలిందేమో చూసుకుని, సున్నపు పూత ఆ పై ఏడాది. అక్కావాళ్లు వంటింటి అరలకి ఇంకా చెయ్యి పెట్టలేదు. పాత బీరువా ఒకటి అక్కడ పెట్టుకుని వండుకుంటున్నారు. పెరటివైపు గోడ ఈ అక్టోబరు వానలకి పొడిగా నిలిస్తే, సంక్రాంతికి ఆ పని.

సెలవు, నమస్కారం.