చెయ్యి అందే చోటే తిండి: దూరపు సైకిల్ రైడ్‌కి సామాను ఎలా సర్దాలి

(వంటింటి గట్టు. బెల్లం, అరటిపండ్లు, పులిహోర గిన్నె ఒక పక్క. ట్యూబులు, పంపు, రెయిన్‌కోటు ఇంకో పక్క.)

నమస్కారం. రేపు తెల్లవారుజామున నాలుగింటికి తిరుపతిలో బయల్దేరి మదనపల్లె పోయి రావాలి. రంగంపేట, భాకరాపేట ఘాటు, పీలేరు, వాయల్పాడు, మదనపల్లె, మళ్ళీ అదే దారిన వెనక్కి. 200 కిలోమీటర్లు దాటుతుంది. ఈ గట్టు మీద కనిపిస్తున్నదంతా సైకిల్ మీదికి ఎక్కాలి. ఏమేం తీసుకుపోవాలో చెప్పే లిస్టులు ఎక్కడైనా దొరుకుతాయి. ఏది ఎక్కడ పెట్టాలి అన్నదే ఎవరూ సరిగ్గా చెప్పరు, నా అనుభవంలో రైడ్ నిలబడేదీ పడిపోయేదీ దాని మీదే, కాబట్టి ఈ వీడియో మొత్తం దాని గురించే.

ముందు ఒక సంగతి చెప్పాలి. రెండేళ్ళ కిందట ఇదే దారిలో పోయినప్పుడు నా దగ్గర తిండి బోలెడు ఉంది. చెనక్కాయల చిక్కీ, ఖర్జూరాలు, పులిహోర, అన్నీ సీటు వెనక బ్యాగులో, రెయిన్‌కోటు కింద. పైకి ఉంచుకున్నవి రెండు అరటిపండ్లు, అవి ఘాటు ఎక్కేలోపే అయిపోయాయి. పైకి ఎక్కాక ఆగి తిందాంలే అనుకున్నా. పైకి ఎక్కాక కాళ్ళు బాగా తిరుగుతున్నాయి, చల్లగా గాలి తగులుతోంది, ఇప్పుడెందుకు ఆగడం, పీలేరులో చూద్దాం అనుకున్నా. పీలేరులో ట్రాఫిక్, అది దాటాక తిందామనుకున్నా. వాయల్పాడు ఇంకా రాకముందే కళ్ళు మసకబారి, కాళ్ళల్లో పట్టు పోయి, ఒక చింతచెట్టు కింద సైకిల్ పడేసి కూర్చున్నా. బ్యాగు పట్టీ ఊడదీయడానికి వేళ్ళు వణికి రెండు మూడుసార్లు జారిపోయింది. లోపల చిక్కీ ప్యాకెట్లు నాలుగు, కవరు కూడా చింపనివి.

తిండి లేక పడిపోలేదు నేను. దిగి, పట్టీ విప్పి, రెయిన్‌కోటు తీస్తే తప్ప అందని చోట తిండి ఉండటం వల్ల పడిపోయాను. సైకిల్ మీద ఆకలి వేసేదాకా తినకుండా ఉండకూడదు, అప్పటికే ఆలస్యం అయిపోతుంది. మన కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్, అంటే నిల్వ చక్కెర, గట్టిగా తొక్కితే సుమారు రెండు గంటలకి అడుగంటుతుంది, నెమ్మదిగా తొక్కితే ఇంకొంచెం సేపు లాగుతుంది, అంతే. అందుకే మొదటి గంట నుంచే గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్లు లోపలికి పోతూ ఉండాలి. ఇది దిగకుండా, చూడకుండా, ఒక చేత్తో జరగాలి.

టైం లెక్క కూడా చూడండి. బ్రెవే రైడ్లలో, అంటే పోటీ కాకుండా గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు రైడ్లలో, 200 కిలోమీటర్లకి ఇచ్చేది పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40. ఆగిన టైం కూడా అందులోదే. గంటకోసారి దిగి బ్యాగు విప్పి కట్టడానికి పది నిమిషాలు పోతే, పన్నెండు గంటల్లో రెండు గంటలు పట్టీలకే పోయాయి! పైగా కంట్రోల్ పాయింట్ల (దారిలో హాజరు వేయించుకునే చోట్ల) మధ్య వెనకాల కారులో ఎవరో వచ్చి అందించడం కుదరదు, ఎవరి సామాను వాళ్ళే మోసుకోవాలి. ఇలాంటి రైడ్లన్నిటికీ పెద్దన్న లాంటి పారిస్-బ్రెస్ట్-పారిస్ 1891లో మొదలైంది, ఇప్పటికీ 1200 కిలోమీటర్లు 90 గంటల్లోపు పూర్తి చేయాలి, అక్కడ కూడా రూలు ఇదే.

(హ్యాండిల్ దగ్గరి చిన్న బ్యాగు చూపిస్తూ.)

ఇదిగో, హ్యాండిల్ వెనక, ఫ్రేమ్ పైగొట్టం మీద కూర్చునే చిన్న సంచి. టాప్‌ట్యూబ్ బ్యాగు అంటారు. నా దృష్టిలో సైకిల్ మీద ఇంతకంటే విలువైన చోటు లేదు, చాలామంది మాత్రం ఇందులో ఫోను, తాళాలు, పర్సు పెట్టి నింపేస్తారు. వద్దు. ఇది తిండికే. జిప్పు కొసకి ఒక దారపు ముక్క ముడేశాను చూశారా, చెమట చేత్తో లాగడానికి, గ్లవ్స్ ఉన్నా దొరుకుతుంది.

ఇందులోకి ఏం పోతుందంటే, మొదట బెల్లం. మన చిత్తూరు బెల్లమే. జెల్ ప్యాకెట్లు (చిక్కటి చక్కెర పాకం లాంటివి) కొనేవాళ్ళు కొనుక్కోవచ్చు, నాకు అభ్యంతరం లేదు, కానీ 30 గ్రాముల బెల్లంలో 25 గ్రాములకి పైగా చక్కెరే ఉంటుంది, ఒక మామూలు అరటిపండులో మొత్తం కార్బోహైడ్రేట్లు ఉన్నంత. ఇబ్బంది ఒక్కటే, ఎండకి చెమ్మ పట్టి కరిగి సంచంతా అంటుకుంటుంది. దానికి మా అమ్మ చెప్పిన ఉపాయం ఇది: ముందు రోజు రాత్రే గోలీ సైజు ముక్కలు కొట్టి, పప్పుల పొడిలో, అంటే పుట్నాలు మెత్తగా దంచిన పొడిలో, దొర్లించి పెట్టడం. ఒకదానికొకటి అంటవు, వేళ్ళకీ అంటవు, నోట్లో వేసుకుంటే పొడి వల్ల కమ్మగా కూడా ఉంటుంది.

తర్వాత పులిహోర. నవ్వకండి, సైకిల్ మీద పులిహోర బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అన్నం, ఉప్పు, చింతపండు, నూనె, అంతా ఉంది. ఐదారు గంటలు తీపే తింటూ పోతే ఒక దశలో నోరు ఇంక తీపి ఒప్పుకోదు, అప్పుడు ఆ పులుపు, ఉప్పు తగలగానే ప్రాణం లేచొస్తుంది. అన్నం మాత్రం పొడిపొడిగా కాకుండా కొంచెం మెత్తగా దించాలి, ఎండుమిరపకాయలు, వేరుశనగ గుళ్ళు ఏరేయాలి (తొక్కుతూ నమిలేటప్పుడు గుండు పలుకు గొంతుకి అడ్డం పడితే చాలా ప్రమాదం), తర్వాత గోరువెచ్చగా ఉండగానే పిడికిట్లో పట్టి నిమ్మకాయంత ముద్దలు చేసి, ఒక్కో ముద్దని విడిగా అరిటాకు ముక్కలో చుట్టాలి. పాత న్యూస్‌పేపర్లో చుట్టకండి, సిరా అన్నానికి అంటుతుంది. మధ్యాహ్నం దాకా ఉంచకుండా పొద్దున్నే తినేయాలి, ఎండలో అన్నం అంతకంటే ఆగదు. కొబ్బరి, చట్నీ ఉన్న ఏ వస్తువూ పెట్టుకోకండి.

చిక్కీ, నిప్పట్లు కూడా తీసుకెళ్తాను, కానీ అవి ఘాటు కోసం కాదు. చెనక్కాయల్లో నూనె ఎక్కువ, అరగడానికి టైం పడుతుంది, ఎక్కేటప్పుడు తింటే పొట్టలో బరువుగా కూర్చుంటుంది. చదును దారిలో నెమ్మదిగా పోతున్నప్పుడు బాగుంటాయి. చిక్కీ కవర్లు ఇంట్లోనే చింపేయండి, ముక్కలు చేసి చిన్న డబ్బాలో వేసుకోండి. ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని పళ్ళతో కవరు చింపుతూ గుంతలో పడ్డవాళ్ళని చూశాను.

అరటిపండ్లు జెర్సీ వెనక జేబులో. నడి జేబులో వద్దు, వంగినప్పుడు నలుగుతాయి, పక్క జేబుల్లో పెట్టండి.

(రెండు నీళ్ళ బాటిళ్ళు, ఓఆర్ఎస్ ప్యాకెట్.)

నీళ్ళు. ఇవి రెండూ 750 మిల్లీలీటర్లవి. ఒకటి మంచినీళ్ళు, ఒకటి ఓఆర్ఎస్. మన ఎండలకి గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా తాగాల్సి వస్తుంది, కానీ ఉత్త నీళ్ళే తాగుతూ పోతే చెమటతో పోయిన సోడియం తిరిగి రాదు, తలనొప్పి, వాంతులు, వేళ్ళు ఉబ్బడం మొదలవుతాయి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఈ పెద్ద ప్యాకెట్ 20.5 గ్రాములు, ఇది లీటరు నీళ్ళకి. లీటరు! దీన్ని ముప్పావు లీటరు బాటిల్లో కుమ్మరిస్తే కొలత తప్పినట్టే. నేను ఇంట్లో లీటరు కలిపి, బాటిల్ నింపి, మిగిలిన పావు లీటరు బయల్దేరే ముందు తాగేస్తాను. దారిలో అయితే అంగట్లో లీటరు నీళ్ళ బాటిల్ కొని అందులోనే ప్యాకెట్ కలిపి ఇదే పద్ధతి. ఇంకో మాట, ఓఆర్ఎస్‌ని తిండి లెక్కలో వేసుకోకండి, మొత్తం ప్యాకెట్‌లో గ్లూకోజ్ పదమూడున్నర గ్రాములే, అది సగం అరటిపండుకి సమానం.

(ఫ్రేమ్ మధ్య బ్యాగు.)

ఇప్పుడు బరువులు. మా వీధికి పొద్దున్నే పాలాయన వస్తాడు, సైకిల్‌కి రెండు వైపులా క్యాన్లు తగిలించుకుని. క్యాన్లు ఎంత కిందికి వేలాడతాయో గమనించండి, దాదాపు చక్రం ఇరుసు దాకా. అంత బరువుతో సందుల్లో అవలీలగా తిరుగుతాడంటే బరువు కిందికి, రెండు పక్కలా సమంగా ఉండబట్టే. మనకీ అదే. బరువైనవి ఫ్రేమ్ మధ్యలో, వీలైనంత కింద: పంపు, మల్టీటూల్, పవర్‌బ్యాంక్, ప్యాచ్ డబ్బా, చైను లింకు. వీపుకి బ్యాగు తగిలించుకోవడం మాత్రం నేను ఎవరికీ చెప్పను. మొదటి 50 కిలోమీటర్లు ఏమీ అనిపించదు, తర్వాత ఆ బరువంతా భుజాల నుంచి సీటు మీదికి దిగుతుంది, వీపు చెమటతో నానిపోతుంది.

స్పేర్ ట్యూబులు రెండు. మన దారుల పక్కన సర్కారు తుమ్మ ముళ్ళకి కొదవ లేదు కాబట్టి ఒకటి చాలదు. వీటిని ఇలా పాత సాక్సులో, కొంచెం పౌడరు చల్లి పెట్టాను. ఎందుకంటే ఒకప్పుడు ట్యూబూ మల్టీటూలూ ఒకే సంచిలో నెలల తరబడి ఉన్నాయి. అవసరం పడి తీసి గాలి కొడితే కొత్త ట్యూబు బుస్సుమంది. మడత దగ్గర, ఇనుము రాసుకున్న చోట, సన్నగా అరిగిపోయి గుండుసూది మోపినంత బెజ్జం. కొని ఒక్కసారి కూడా వాడని ట్యూబు అది.

(సీటు వెనక బ్యాగు.)

సీటు బ్యాగులోకి తేలికవి, అరుదుగా కావాల్సినవి: రెయిన్‌కోటు, ఒక జత బట్టలు, సాక్సులు. ఉన్నంతలో బరువైనది సీటు గొట్టానికి ఆనుకుని, తేలికైనది తోక వైపు. తిరగేసి పెడితే నిలబడి తొక్కినప్పుడల్లా బ్యాగు కుక్కతోకలా ఊగుతుంది, నడుం ఆ ఊపుని ఆపుతూ అలిసిపోతుంది. అన్నీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ముడేయండి, వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నా సరే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు ఎలా కొడతాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

బ్యాగుకీ టైరుకీ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉండాలి. సామాను నింపాక, మీరు సీటు మీద కూర్చున్నాక, ఇంకొకరిని చూడమనండి. ఖాళీ బ్యాగుకి సందు బాగానే కనిపిస్తుంది, నింపితే పొట్ట కిందికి దిగుతుంది. పట్టీల గురించి మా పంక్చర్ అంగడి అన్న ఒక మాట చెప్పాడు, "తాడైతే జారిపోతాది సామీ, పాత ట్యూబు కోసి కట్టు, రబ్బరు రబ్బరుని పట్టుకుంటాది" అని. అప్పటి నుంచీ బ్యాగు చుట్టూ అదనంగా ఒక ట్యూబు పట్టీ వేస్తున్నాను, కదల్లేదు.

హ్యాండిల్ ముందు బ్యాగు ఒకరోజు రైడ్‌కి నాకు అక్కర్లేదు. పెట్టుకునేవాళ్ళు ఒక్కటి చూసుకోండి, లైటు వెలుగు బ్యాగుకి తగలకూడదు, బ్రేకు తీగలు మడత పడకూడదు.

ఎంత మోయాలి అన్న ప్రశ్న చాలామంది కిలోమీటర్లతో లెక్కేస్తారు. నేను రాత్రి గంటలతో లెక్కేస్తాను. పగలు ఈ దారిలో ప్రతి ఊళ్ళో టీ అంగడి ఉంటుంది, ఇడ్లీ దొరుకుతుంది, బోండాం దొరుకుతుంది, మజ్జిగ దొరుకుతుంది. అవన్నీ మోయడం దండగ. రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా షట్టర్లన్నీ దించేసి ఉంటాయి. 300, 400 రైడ్లలో ఆ ఐదు గంటల తిండీ నీళ్ళూ పూర్తిగా మన సైకిల్ మీదే ఉండాలి, చీకటి పడకముందే నింపుకోవాలి. రిఫ్లెక్టర్ జాకెట్ కూడా సీటు బ్యాగు అడుగున కాదు, అన్నిటికంటే పైన. చీకట్లో రోడ్డు పక్కన నిలబడి దాన్ని వెతుక్కునే పరిస్థితి రాకూడదు, లారీలు పోయే దారి ఇది.

సరే, అంతా సర్దేశాను. ఇప్పుడు ఈ నిండు సైకిల్‌తోనే అలిపిరి దాకా ఒకసారి పోయి వస్తాను, చప్పుళ్ళు వినడానికి. ఏదైనా టకటకమంటే అది రేపు ఎక్కడో ఊడుతుందని అర్థం. పొద్దున బయల్దేరాక 12 కిలోమీటర్లకి శ్రీనివాస మంగాపురం వస్తుంది, అక్కడ రెండు నిమిషాలు ఆగుతాను. ఆపాటికి సామాను కుదురుకుని పట్టీలు ఒక గుంట వదులవుతాయి, అన్నిటినీ మళ్ళీ బిగించి, మొదటి బెల్లం ముక్క నోట్లో వేసుకుని ఘాటు వైపు కదలడమే.