గాలి పొట్లం, గాలి పొట్ట

[దృశ్యం: కర్నూలు, కె.సి. కాలువ గట్టు. పొద్దు వాలుతోంది. నీటి మీద చిన్న పురుగుల గుంపు పైకీ కిందికీ ఆడుతోంది.]

సుంకేసుల నుంచి కడప దాకా పారే కాలువ ఇది. ఈ వేళకు గట్టెక్కితే ముఖం నిండా పురుగులే. వీటి సంగతి పక్కన పెట్టి, ఇలాగే గుంపు కట్టి ఎగిరే డాన్స్ ఈగల గురించి చెబుతాను. ఎంపిడిడే కుటుంబం, 3,000కు పైగా జాతులు.

[క్లోజప్: ఈగ తల]

ఈ తొండం చూడండి. గట్టిగా, కిందికి దిగి ఉంది. దోమనో, మరో ఈగనో పట్టి, దీనితో పొడిచి, లోపలి రసం పీల్చేస్తుంది. పూల తేనె కూడా తాగుతుంది లెండి. తడి మట్టిలో, వాగుల్లో పెరిగే వీటి పిల్ల పురుగులూ వేటగాళ్లే.

అసలు తమాషా జత కట్టడంలో ఉంది. చాలా జాతుల్లో మగ ఈగ ఓలి చెల్లించనిదే పని జరగదు. ఆ ఓలి, వేటాడి తెచ్చిన పురుగు.

[దృశ్యం: కొమ్మకు వేలాడుతున్న జంట]

ముందుకాళ్లతో కొమ్మ పట్టుకొని వేలాడుతున్నది మగది. మిగిలిన కాళ్లతో ఆడ ఈగనూ, ఎరనూ మోస్తోంది. ఆడ ఈగ మాత్రం తన పాటికి తాను భోంచేస్తోంది.

హిలారా ప్రజాతిలో మగవాటి ముందుకాళ్లు ఉబ్బి ఉంటాయి. అక్కడి గ్రంథుల నుంచి పట్టు వస్తుంది. ఎరను అందులో చుట్టి ఇస్తాయి. ఇంతవరకూ మర్యాదే. ఐరోపాలోని హిలారా సార్టర్ మాత్రం లోపల ఏమీ పెట్టదు, ఉత్త పట్టు పొట్లం అంటగడుతుంది! ఎర నుంచి ఖాళీ పొట్లం దాకా మెట్టుమెట్టుగా ఎలా వచ్చి ఉంటుందో 1955లో కీటక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కెస్సెల్ వరుసగా పేర్చి చూపారు.

మగవే మోసగాళ్లని తీర్పు చెప్పేయకండి.

[క్లోజప్: ఉబ్బిన పొట్టతో ఆడ ఈగ]

ఇది ఉత్తర అమెరికాలోని రాంఫోమియా లాంగికాడా. దీని ఆడ ఈగ వేటాడదు, మాంసం మగది తేవలసిందే. అందుకే ఇక్కడ గుంపు కట్టేవి ఆడవి, ఎంచుకొనేవి మగవి. గుడ్లతో నిండిన పొట్ట ఉన్నదానికే గిరాకీ. ఆడ ఈగ గాలి మింగి పొట్ట ఉబ్బిస్తుంది. పొలుసుల అంచులున్న కాళ్లను ఇరుపక్కలా ఆనించి ఇంకా వెడల్పుగా కనిపిస్తుంది. ఎరతో వచ్చిన మగది కింద నుంచి ఆకాశం వైపు చూస్తుంది. దానికి నల్లని ఆకారం తప్ప గుడ్లు ఎలా కనిపిస్తాయి? 2000లో ఫంక్, టల్లమీ అనే పరిశోధకులు పరిశీలిస్తే, ఉబ్బిన పొట్ట సైజుకూ గుడ్ల పక్వతకూ పొంతన కుదరలేదు.

ఈ గుంపు దాదాపు గంటలో విడిపోతుంది. ఎర దక్కని ఆడ ఈగ, తెల్లవారకముందు మళ్లీ గుంపు కట్టేదాకా ఆగాలి.