నేపుల్స్ సందుల్లో వంద కథలు

శ్రోతలకు నమస్కారం.

ఇటలీ దర్శకుడు పియెర్ పావోలో పసోలినీ 1971లో తీసిన ‘డెకామెరాన్’ సినిమా గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. ఇది పెద్దలు చూడాల్సిన సినిమా. ఇందులో శృంగారం ఏ చాటూ లేకుండా కనిపిస్తుంది. అంతమాత్రాన దీన్ని బూతు సినిమాల్లో కలిపేస్తే చాలా అన్యాయం.

మూలం 14వ శతాబ్దంలో బొకాచియో రాసిన పుస్తకం. 1348లో ఫ్లోరెన్స్‌ను ప్లేగు చుట్టేసినప్పుడు ఏడుగురు ఆడవాళ్లు, ముగ్గురు మగవాళ్లు ఊరు విడిచి వెళ్లి, పది రోజుల్లో వంద కథలు చెప్పుకుంటారు. పసోలినీ కొన్ని కథలే తీసుకున్నాడు. ఆ పదిమంది పెద్దింటి వాళ్లనూ పక్కన పెట్టేశాడు. కథలను నేపుల్స్ సందుల్లోకి తెచ్చి, అక్కడి యాసలోనే మాట్లాడించాడు. తెర మీద కనిపించేవాళ్లలో చాలామందికి నటన వృత్తి కాదు. పళ్లూడిన నోళ్లు, ఎండకు కమిలిన బుగ్గలు, మనసారా నవ్వే ముఖాలు! నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా ఇష్టమైనవి ఆ ముఖాలే.

గుర్రాలు కొందామని డబ్బు మూటతో నేపుల్స్ వచ్చిన ఆంద్రెయూచో కథ చూడండి. ఒకావిడ ‘నేను నీ అక్కనిరా’ అని కన్నీళ్లు పెట్టుకుంటుంది. నమ్మి వెళ్తాడు. రాత్రికి మరుగుదొడ్డి గుంటలో పడతాడు, డబ్బు పోతుంది. ఆ కంపుతోనే దొంగల చేతికి చిక్కి, ఆర్చిబిషప్పు సమాధిలోకి దిగి, చివరికి కెంపు ఉంగరంతో బయటపడతాడు. అమాయకుడిగా నినెత్తో దావోలి నవ్వు మరిచిపోలేం.

అన్నీ నవ్వులే కావు. లిజబెత్తా ప్రేమించిన పనివాణ్ణి ఆమె అన్నలు చంపేస్తారు. ఆమె అతని తల తెచ్చుకుని, కుండీలో పెట్టి, పైన మన తులసి జాతికే చెందిన మొక్క నాటుతుంది. ఇంత నవ్వు మధ్య ఆ నిశ్శబ్దం గుండెను పట్టేస్తుంది.

ఈ సినిమాకు బెర్లిన్ ఉత్సవంలో సిల్వర్ బేర్ బహుమతి వచ్చింది. తర్వాత ఇటలీలో ఇదే బాణీలో చౌకబారు సినిమాలు వరసకట్టాయి. 1975లో పసోలినీ, దీన్నీ దీని వెంట తీసిన మరో రెండు సినిమాలనూ తానే తోసిపుచ్చుతూ రాశాడు. ఆయన బాధ అర్థమవుతుంది కానీ, ఆ తీర్పును మాత్రం నేను ఒప్పుకోలేను.

ఎందుకంటే చివర్లో ఇద్దరు స్నేహితుల కథ ఉంది. ముందు చనిపోయినవాడు వచ్చి పైలోకం సంగతులు చెప్పాలని వాళ్ల ఒప్పందం. ఒకడు పోతాడు, ఒక రాత్రి తిరిగొస్తాడు. రెండోవాడు భయపడుతూ తన ప్రేమ వ్యవహారం గురించి అడుగుతాడు. ‘అక్కడ దాన్నెవరూ పాపంగా లెక్కపెట్టరు’ అంటాడు చనిపోయినవాడు. అంతే, వీడు పరుగందుకుంటాడు. ‘పాపం కాదట, పాపం కాదట!’ అని అరుస్తూ ఆమె దగ్గరికి పరుగెడుతుంటే, కూర్చున్న చోటే మనకూ ఊపిరాడినట్టు ఉంటుంది.