ఖాళీ ట్రాలీలో తడి బస్తా

అందరికీ నమస్తే. పొద్దున ఇక్కడికి వస్తుంటే వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. ఎటు చూసినా మిర్చి బస్తాలే, ఆటోలో అందరికీ తుమ్ములే. ఆ అరగంటలో రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టేశాను.

ఖరీదుదారు ఏం చేస్తాడో మీలో రైతు బిడ్డలకు నేను చెప్పనక్కర్లేదు. ఒక బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి చూస్తాడు, పక్క బస్తాకు పోతాడు. ఒక్కటి తేమగా తగిలితే చాలు, లాట్ మొత్తానికి ధర కోస్తాడు. మిగతావి ముట్టడు. అది న్యాయమా అన్నది వేరే ముచ్చట. బూలియన్ అర్రేలో, అంటే ట్రూ, ఫాల్స్ అనే రెండే విలువలుండే వరసలో, అన్నీ ట్రూనా అని ప్రోగ్రామ్ చూసేదీ ఇట్లాగే. ఒక్క ఫాల్స్ కనబడగానే ఆగిపోవచ్చు. అన్నీ ట్రూ అని చెప్పాలంటే మాత్రం ఆఖరి బస్తా దాకా పోవాల్సిందే.

దీనికి పైథాన్ భాషలో ఆల్ అనే రెడీమేడ్ ఫంక్షన్ ఉంది, 2006లో 2.5 వెర్షన్‌తో వచ్చింది. జావాస్క్రిప్ట్‌లో ఎవ్రీ, జావా స్ట్రీమ్‌లలో ఆల్‌మ్యాచ్. అయినా ఇంటర్వ్యూలో ఒక్కో విలువనూ వరసగా చూసే లూప్ మనల్నే రాయమంటారు, పడేది అక్కడే. నేనూ పడ్డాను. మొదటి ఉద్యోగంలో ఒక వేరియబుల్ పెట్టి, లూప్ తిరిగినప్పుడల్లా అందులో కొత్త విలువ వేసుకుంటూ పోయాను. పాతది చెరిగిపోతుంది కదా! తొంభై తొమ్మిది తడిసినా నూరోది పొడిగా ఉంటే లాట్ పాస్. టెస్ట్ డేటాలో ఫాల్స్‌ను ఎప్పుడూ చివరనే పెట్టాను కాబట్టి రెండు వారాలు దొరకలేదు. ట్రూతో మొదలుపెట్టి, ఫాల్స్ రాగానే మార్చి, బ్రేక్ కొట్టి లూప్ ఆపాలి. అంతే.

ఇంకొకటి. ఫైల్ నుంచి చదివితే ఫాల్స్ అనేది స్ట్రింగ్‌గా, అంటే ఉత్త అక్షరాలుగా వస్తుంది. ఖాళీ కాని స్ట్రింగ్ ఏదైనా పైథాన్‌కు ట్రూయే. 'తడి' అని చీటీ రాసి బస్తాకు అంటించినా, చీటీ ఉంది కదా అని పాస్ చేస్తుంది.

తడి అంటే గుర్తొచ్చింది. బూలియన్ అన్న పేరు ఎవరిదో ఆ జార్జ్ బూల్ 1864లో ఐర్లండ్‌లో వానలో తడుస్తూ కాలేజీకి నడిచిపోయి, ఆ తడి బట్టలతోనే పాఠం చెప్పి, జబ్బుపడి చనిపోయాడు.

అసలు గొడవ ఖాళీ అర్రేతో. బస్తా ఒక్కటీ లేని ట్రాలీ వచ్చింది. అన్నీ పొడివేనా? పైథాన్ ట్రూ అంటుంది. కాదనాలంటే మీరు ఒక తడి బస్తా చూపించాలి, ఎక్కడి నుంచి తెస్తారు? ఇంకో లెక్క చూడండి. రెండు ట్రాలీల జవాబులను అండ్‌తో కలుపుతున్నాం, అంటే రెండూ ట్రూ అయితేనే ట్రూ. ఖాళీదానికి ఫాల్స్ అన్నారంటే, పక్క ట్రాలీలోని మంచి సరుకు కూడా పోయినట్టే. కూడికకు సున్నా ఎట్లాగో, అండ్‌కు ట్రూ అట్లాగ.

కానీ ఖాళీ ట్రాలీకి తక్‌పట్టీ, అదే సరుకు లెక్క చీటీ, రాసిస్తే అడ్తిదారు ఊరుకుంటాడా? అసలు బస్తాలు ఉన్నాయా అని ఆల్ అడగదు, మనమే ముందు ఎన్ని ఉన్నాయో లెక్కచెప్పే లెన్ పెట్టి చూసుకోవాలి.

వెనక బెంచీలో ఆ తమ్ముడు ఖాళీ ట్రాలీ మాట ఎత్తినప్పటి నుంచి అడ్డంగా తల ఊపుతూనే ఉన్నాడు. ముందు మైక్ అతనికివ్వండి.