‘ఏదైనా డిగ్రీ’ అన్న రెండు మాటల వెనుక: బి.ఏ. చివరి సంవత్సరంలో ఉద్యోగ అన్వేషణ

[తెర మీద: ఒక ఉద్యోగ ప్రకటన. ‘అర్హత: ఏదైనా డిగ్రీ’ అన్న వరుస మాత్రమే స్పష్టంగా కనిపిస్తుంది.]

నమస్కారం. బి.ఏ. ఆరో సెమిస్టర్‌లో ఉన్న విద్యార్థి ఉద్యోగ ప్రకటన తెరవగానే మొదట వెతికేది ఈ రెండు మాటలనే. అవి కనిపిస్తే మనసు కుదుటపడుతుంది. అయితే అదే ప్రకటనను అదే రోజున బి.టెక్. చదివినవారు, బి.కాం. చదివినవారు, ఎం.బి.ఏ. ముగించి ఇప్పటికే ఏదో ఒక పనిలో ఉన్నవారు కూడా చూస్తున్నారు. బి.ఏ. విద్యార్థికి అర్హత ఉన్న ఉద్యోగాలు తక్కువేమీ కావు. ఆ చదువునే కోరి పిలిచే ఉద్యోగాలు మాత్రం చాలా తక్కువ. ఈ వీడియోలో చెప్పబోయేదంతా ఈ తేడా గురించే.

[తెర మీద: రెండు తెలుగు రాష్ట్రాల పటం.]

మన రెండు రాష్ట్రాల్లో హెచ్.ఇ.పి., అంటే చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం, తీసుకున్న విద్యార్థుల్లో చాలామంది దృష్టి మొదటి నుంచీ ప్రభుత్వ ఉద్యోగం మీదే ఉంటుంది. ఆ ఆశ తప్పు కాదు, దానికి ఆధారం కూడా ఉంది. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాలకు జరిగే గ్రూప్-2 పరీక్షనే చూడండి. మొత్తం 600 మార్కుల్లో చరిత్ర, రాజ్యాంగం, సమాజం ఒక పేపరు, ఆర్థిక వ్యవస్థ, అభివృద్ధి మరొకటి, తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం ఇంకొకటి. అంటే ఈ మూడు పేపర్లకూ కలిపి ఉన్న 450 మార్కులు మీరు మూడేళ్లుగా చదువుతున్న పుస్తకాలకు దగ్గరగా ఉన్నవే. బ్యాంకు పరీక్షల్లో ఈ మేలు ఉండదు, అక్కడ అంకగణితం, రీజనింగ్, ఇంగ్లీషు ముందుంటాయి. బ్యాంకు క్లర్కు పరీక్షను తెలుగులో రాసే అవకాశం ఉన్నా ఇంగ్లీషు విభాగం తప్పదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారు జరిపే సి.జి.ఎల్. పరీక్ష ప్రశ్నపత్రమైతే ఇంగ్లీషు, హిందీ భాషల్లోనే ఉంటుంది. కాబట్టి అర్హత ఉన్న ప్రతి పరీక్షకూ దరఖాస్తు చేయడం కంటే, ఏ పరీక్షలో తన చదువు తనకు అక్కరకు వస్తుందో ముందే చూసుకోవడం మంచిది.

[తెర మీద: 2022 నుంచి 2024 వరకు ఒక కాలరేఖ.]

ఆశకు ఆధారం ఉన్నా, నిరీక్షణకు మాత్రం గడువు లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో గ్రూప్-1 ప్రకటన వచ్చిన తరువాత, తెలంగాణలో మళ్లీ 2022 ఏప్రిల్‌లో గానీ, 503 పోస్టులతో, మరో ప్రకటన రాలేదు. ఆ అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీ కారణంగా 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ నిర్వహించిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన వచ్చి, ఆ జూన్‌లో ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్ జరిగాయి. 2021లో డిగ్రీ పూర్తిచేసి, హైదరాబాదు అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకుని, చిక్కడపల్లి గ్రంథాలయంలో కూర్చుని చదివిన ఒక అభ్యర్థి ఒక్క మెయిన్స్ రాయడానికి మూడేళ్లు ఆగవలసి వచ్చిందంటే, ఆ మూడేళ్ల అద్దె, మెస్ బిల్లు, ఊరి నుంచి వచ్చే ఫోన్లలో వినిపించే ప్రశ్నలు ఎవరి ఖాతాలో వేయాలి? ఇది ఆ అభ్యర్థి బద్ధకం వల్ల జరిగినది కాదని గట్టిగా చెప్పవలసిన అవసరం ఉంది.

ఉపాధ్యాయ వృత్తి సంగతీ ఇంతే. సోషల్ టీచరు కావాలనుకున్నవారు ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాసి, రెండేళ్ల బి.ఎడ్. పూర్తిచేసి, ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌లో అర్హత సాధించి, ఆపైన ప్రభుత్వ ఉపాధ్యాయ నియామక పరీక్ష డి.ఎస్.సి. కోసం చూడాలి. తెలంగాణలో 2017 తరువాత 2024లోనే 11,062 పోస్టుల డి.ఎస్.సి. జరిగింది, ఆంధ్రప్రదేశ్‌లో 2018 తరువాత 2025లో 16,347 పోస్టులకు నియామక పరీక్ష జరిగింది. ఈ విరామాల్లో ఎందరో ప్రైవేటు బడుల్లో తక్కువ జీతానికి పాఠాలు చెబుతూ వయసు దాటబెట్టుకున్నారు.

[తెర మీద: డిగ్రీ ప్రొవిజనల్ సర్టిఫికెట్.]

మరో చిక్కు చిన్నదిగా కనిపిస్తుంది గానీ పెద్ద దెబ్బ తీస్తుంది. చాలా ప్రకటనల్లో ఒక నిర్ణీత తేదీ నాటికి డిగ్రీ పూర్తయి ఉండాలన్న నిబంధన ఉంటుంది. సివిల్ సర్వీసెస్ ప్రిలిమ్స్‌కు చివరి సంవత్సరం విద్యార్థులు దరఖాస్తు చేయవచ్చు. అన్ని పరీక్షల్లో ఈ వెసులుబాటు ఉండదు. ఒక్క బ్యాక్‌లాగ్ మిగిలినా, ఫలితాలు నెల ఆలస్యమైనా, ఒక పూర్తి అవకాశం చేజారవచ్చు. అందువల్ల చివరి సెమిస్టర్‌లో కోచింగ్ కంటే ముందు తప్పిన పాత పేపర్లు పూర్తిచేసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

[తెర మీద: ఒక రెజ్యూమె. ‘బి.ఏ., హెచ్.ఇ.పి., 72 శాతం’ అన్న వరుస తప్ప మిగతాదంతా ఖాళీ.]

ఇక ప్రైవేటు రంగం. ఇంజనీరింగ్ కాలేజీలకు కంపెనీలు తామే వస్తాయి, బి.ఏ. ఉన్న డిగ్రీ కాలేజీకి అలా రావడం అరుదు, వచ్చినా ఎక్కువగా అమ్మకాలకు, కాల్ సెంటర్లకు మనుషులను తీసుకోవడానికే వస్తాయి. అందువల్ల తన గురించి తానే చెప్పుకోవలసిన భారం విద్యార్థి మీద పడుతుంది. ఆ చెప్పుకోవడం దగ్గరే మనవాళ్లు వెనకబడుతున్నారు, చేసిన పని లేక కాదు, చేసినది పని అని గుర్తించక.

ఒక ఉదాహరణ ఊహించండి. ఒక విద్యార్థిని ప్రాజెక్టు కోసం తన ఊళ్లో ఉపాధి హామీ పనుల మీద 60 ఇళ్లు తిరిగింది. ప్రశ్నావళి తానే తయారుచేసుకుంది, జవాబివ్వడానికి ఇష్టపడని పెద్దలను ఒప్పించింది, వచ్చిన సమాచారాన్ని పట్టికలుగా వేసింది, కూలి డబ్బులు ఆలస్యమైన వారాలను విడిగా లెక్కగట్టింది, పన్నెండు పేజీల నివేదిక రాసింది. ఇంత చేసిన అమ్మాయి రెజ్యూమెలో ‘ప్రాజెక్ట్ వర్క్ పూర్తిచేశాను’ అని మూడు మాటలు రాస్తుంది. గ్రామాల్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు, సర్వేలు చేసే సంస్థలకు కావలసిన మనిషి సరిగ్గా ఈమే. ఎన్ని ఇళ్లు, ఎన్ని రోజులు, ఏ ప్రశ్న, ఏమి తేలింది అన్న నాలుగు వివరాలు రాసి ఉంటే, చదివేవారికి ఆమె ఏమి చేయగలదో అర్థమయ్యేది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 పాఠ్య ప్రణాళిక నుంచి డిగ్రీలో సమాజ సేవా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్‌లు కలిపి పది నెలల పని భాగమైంది. దాన్ని సంతకాల తంతుగా ముగించినవారు పోగొట్టుకున్నది ఇలాంటి వివరాలనే. డిగ్రీ తరువాత అప్రెంటిస్‌షిప్ అన్న దారి కూడా ఉంది. 2019లో సవరించిన నిబంధనలు ఏ విభాగంలో డిగ్రీ చేసినవారికైనా నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ నిర్ణయించాయి. ఆ మొత్తం పెద్దది కాదు. కానీ రెజ్యూమెలో అనుభవం అన్న గడి నిండుతుంది.

తెలుగు మీడియంలో చదివినవారు దాన్ని లోపంగా దాచుకుంటున్నారు. ఇంగ్లీషు నేర్చుకోక తప్పదు, అందులో సందేహం లేదు. అయితే తప్పులు లేని తెలుగు రాయగలవారు అనువాదానికి, పత్రికలకు, వార్తా చానెళ్లకు, వెబ్‌సైట్లకు నిత్యం అవసరం. పట్టభద్రులను తీసుకుని శిక్షణ ఇచ్చే ఈనాడు జర్నలిజం స్కూలు వంటి చోట్ల ప్రవేశ పరీక్షలో మీ భాషకే విలువ.

[తెర మీద: కాలేజీ గేటు, బస్సు కోసం నిలబడిన విద్యార్థినులు.]

అమ్మాయిలకు ఈ నిరీక్షణ మరింత ఇరుకైనది. ‘ఒక్క సంవత్సరం చూద్దాం, రాకపోతే సంబంధాలు చూస్తాం’ అన్న మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ప్రకటనే రెండేళ్లకు గానీ రాని చోట ఒక సంవత్సరం గడువు పెట్టడం అన్యాయం. ఈ వీడియో చూస్తున్న తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే: పరీక్షకు చదువుకుంటూనే దగ్గరి పట్టణంలో ఏదో ఒక పనిలో చేరడానికి ఒప్పుకోండి, పెళ్లి మాటకు ముందు ఆ సమయాన్ని ఇవ్వండి.

[తెర మీద: స్పైరల్ బైండింగ్ చేసిన ప్రాజెక్టు రికార్డు.]

ఆరో సెమిస్టర్‌లో ఉన్నవారు ఈ వారమే చేయవలసిన పని ఒకటుంది. మీ ప్రాజెక్టు రికార్డును కాలేజీలో అప్పగించే ముందు ప్రతి పేజీనీ ఫోటో తీసి దాచుకోండి, ముఖ్యంగా మీరు స్వయంగా సేకరించిన పట్టికలను; ఒకసారి సమర్పించిన రికార్డు మళ్లీ మీ చేతికి రాకపోవచ్చు.