సంస్కారపు బల్ల మీద మూడు రంగుల జెండా: శ్రోతల ప్రశ్నలు, పాస్టరు గారి జవాబులు

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ వందనాలు. ఈ వారం ఫోన్-ఇన్ కార్యక్రమంలో జాతీయవాదం గురించి, అది మన ఊళ్ళ మీదా మన సంఘాల మీదా చూపుతున్న ప్రభావం గురించి మాట్లాడుకుందాం. గోదావరి డెల్టా గ్రామాల్లో నలభై ఏళ్ళకు పైగా పరిచర్య చేసి, సంఘ చరిత్రను బోధించిన పాస్టరు గారు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ పాలకొల్లు వైపు నుంచి వచ్చింది. చెప్పండి.

శ్రోత (సంఘపెద్ద): వందనాలు అయ్యగారూ. మాది చిన్న సంఘం. స్వాతంత్ర్య దినోత్సవం వారంలో వచ్చిన ఆదివారం మా మందిరంలో రొట్టె విరిచే ప్రభు సంస్కారం జరిగింది. మా బల్ల మీద ఎప్పుడూ ఒకటే గుడ్డ పరుస్తాం. మా అమ్మ తరం ఆడవాళ్ళు నరసాపురం లేసు అల్లి అంచు కుట్టిన తెల్లగుడ్డ అది. ప్రతి శనివారం ఉతికి, గంజి పెట్టి ఆరేస్తారు. ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి యవనస్థులు ఆ గుడ్డను మడిచి కిటికీలో పెట్టి, బల్ల మీద అశోక చక్రంతో ఉన్న జెండా పరిచి, దాని మీద రొట్టె, ద్రాక్షారసపు గిన్నె ఉంచారు. తీయమన్నాను. "జెండా అంటే మీకు ఇష్టం లేదా?" అని ఒక కుర్రవాడు అందరి ముందూ అడిగాడు. మా తమ్ముడు పదిహేడేళ్ళు సైన్యంలో పనిచేసి వచ్చాడు అయ్యగారూ. నాకు నోట మాట రాలేదు. ఇప్పుడు సంఘం రెండుగా చీలింది. నేను చేసింది తప్పా?

పాస్టరు గారు: తప్పు కాదండీ. ముందు జెండా వైపు నుంచే చూద్దాం. వక్త ముందుండే బల్ల మీద జాతీయ పతాకాన్ని పరచకూడదని 2002 నాటి పతాక నియమావళి చెబుతోంది. ప్రభుత్వ, సైనిక లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లో తప్ప దానిని దేని మీదా కప్పుగా వాడకూడదని 1971 నాటి చట్టం కూడా చెబుతోంది. కాబట్టి మీరు జెండాను తీయమనడం జెండా మర్యాదను కాపాడటమే.

కానీ అసలు విషయం బల్లది. ఆ బల్ల దగ్గరికి వచ్చిన మనిషిని నీది ఏ పేట, ఏ కులం, ఏ దేశం అని అడగకూడదు; అక్కడ రొట్టె విరిచేది అందుకే. ఒక దేశపు గుర్తును దాని మీద పరిచిన క్షణాన, అది ఎంత మంచి దేశమైనా, మనకు ఎంత ప్రియమైన దేశమైనా, ఆ రొట్టె కొందరిది అయిపోతుంది. దేశాన్ని ప్రేమించవద్దని నేను అనడం లేదు. తమను చెరపట్టిన బబులోను క్షేమం కోసమే ప్రార్థించమని, అక్కడే ఇళ్ళు కట్టుకొని తోటలు వేసుకోమని యిర్మీయా ప్రవక్త చెరలో ఉన్నవారికి ఉత్తరం రాశాడు. పరాయి పట్టణం కోసమే ఆ మాట చెప్పినప్పుడు, మనం పుట్టిన నేల కోసం ఎంత చేయాలి! 1986 ఆగస్టులో గోదావరికి వరద వచ్చినప్పుడు రాత్రంతా గట్టు మీద ఇసుక బస్తాలు మోశాం. పక్కవాడి భుజం మీదికి బస్తా ఎత్తుతున్నప్పుడు వాడు ఏ గుడికి వెళతాడో ఎవరూ అడగలేదు. నాకు తెలిసిన దేశభక్తి అది.

నా వల్ల జరిగిన పొరపాటు ఒకటి కూడా చెప్పాలి. 1999లో కార్గిల్ యుద్ధం జరుగుతుండగా ఒక ఆదివారం నేను శత్రువుల నాశనం కోసం గొంతెత్తి ప్రార్థించాను. సంఘమంతా బిగ్గరగా "ఆమేన్" అంది. ముందు వరుసలో చాప మీద కూర్చున్న ఒక తల్లి మాత్రం అనలేదు. ఆమె కొడుకు అప్పుడు సరిహద్దులో ఉన్నాడు. తరువాత అడిగితే, "మా అబ్బాయి క్షేమంగా రావాలని అడగండి అయ్యగారూ, చాలు, ఎవరి బిడ్డనో చంపమని దేవుణ్ణి అడగడానికి నాకు నోరు రాలేదు" అంది. ఆ ఆదివారం నేను ప్రార్థనను యుద్ధానికి అప్పగించాను, ఆమె అప్పగించలేదు.

వ్యాఖ్యాత: తరువాతి శ్రోత భీమవరం నుంచి మాట్లాడుతున్నారు.

శ్రోత (విద్యార్థి): వందనాలండీ. మా వాట్సాప్ గ్రూపులో బైబిలు మీద చేయి పెట్టి ప్రమాణం చేసే పాశ్చాత్య నాయకుల వీడియోలు వస్తుంటాయి. మన దేశానికి కూడా క్రైస్తవ పాలకులు వస్తే సంఘానికి ఈ భయాలు ఉండవు కదా అని నాకు అనిపిస్తోంది. అలా కోరుకోవడంలో తప్పేముంది?

పాస్టరు గారు: బాబూ, ఈ కోరికతో ఒక దేశం ఎక్కడికి వెళ్ళిందో చెబుతాను, కాస్త ఓపికగా విను. జర్మనీలో ఒకప్పుడు దాదాపు ప్రజలందరూ బాప్తిస్మం పొందినవారే. 1914లో వారి సైనికుల నడుము పట్టీ బిళ్ళ మీద "దేవుడు మనతో" అన్న మాట ఉండేది. ఆ ఏడాది అక్టోబరులో 93 మంది పండితులు తమ దేశపు యుద్ధాన్ని సమర్థిస్తూ ఒక ప్రకటన చేశారు. వారిలో తన వేదాంత గురువుల పేర్లు కనిపించేసరికి కార్ల్ బార్త్ అనే యువ పాస్టరుకు, వారి దగ్గర నేర్చుకున్న వేదాంతం మీదే నమ్మకం సడలింది. ఇరవై ఏళ్ళు కాకముందే అంతకంటే పెద్ద పరీక్ష వచ్చింది. 1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే "జర్మన్ క్రైస్తవులు" అని పేరు పెట్టుకున్న వర్గం సంఘాన్ని జాతికి అనుబంధంగా మార్చబోయింది. యూదు వంశంలో పుట్టినవాడు బాప్తిస్మం పొందినా సరే, పాస్టరుగా ఉండకూడదని జర్మనీలోని ప్రష్యా రాష్ట్రపు సంఘం ఆ సెప్టెంబరులో నియమం చేసింది. దావీదు కీర్తనలు ఉన్న పాత నిబంధనే వద్దని నవంబరులో బెర్లిన్ సభలో ఆ వర్గం నాయకుడొకరు ప్రసంగించారు. ఆలోచించు, దావీదు కీర్తనలు లేకుండా మన ఇళ్ళలో ఏ మరణం దగ్గర, ఏ పెళ్ళి దగ్గర నోరు తెరవగలం?

దానికి ఎదురు నిలిచినవారు 1934 మే నెలలో బార్మెన్ అనే చోట సమావేశమయ్యారు. సంఘం వినవలసినది యేసుక్రీస్తు ఒక్కడి మాటేననీ, నమ్మి లోబడవలసినది ఆయనకేననీ, ఆయన కాక మరొక ప్రభువుకు చెందిన భాగమేదీ మన జీవితంలో లేదనీ ప్రకటించారు. దానిని ప్రధానంగా రాసినది బార్త్. ఆ పక్షంలో పేరు మోసిన పాస్టరు నీమొల్లర్ మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గామి నడిపినవాడు, హిట్లర్ రాకను తొలుత సంతోషంగా స్వాగతించినవాడు కూడా. అదే మనిషిని 1937లో అరెస్టు చేశారు. 1945 వరకూ జైల్లోనూ నిర్బంధ శిబిరాల్లోనూ ఉన్నాడు. మరొక మాట కూడా దాచకుండా చెప్పాలి: బార్మెన్ ప్రకటనలో యూదుల గురించి ఒక్క వాక్యం కూడా లేదు. సంఘ స్వేచ్ఛ కోసం అంత ధైర్యం చూపినవారు, పక్కింటి మనిషిని వీధిలోకి ఈడుస్తున్నప్పుడు చాలావరకు మౌనంగా ఉన్నారు. యుద్ధం అయ్యాక 1945 అక్టోబరులో స్టుట్‌గార్ట్‌లో ఆ సంఘ నాయకులు, నీమొల్లర్‌తో సహా, మేము ఇంకా ధైర్యంగా సాక్ష్యమివ్వలేదని, ఇంకా ఎక్కువగా ప్రేమించలేదని తమ దోషాన్ని ఒప్పుకున్నారు.

పాలకుల చేతిలో బైబిలు ఉందా లేదా అన్నది సంఘాన్ని కాపాడదు బాబూ. అధికారం మన పేరుతో వచ్చినప్పుడు మనకు మరీ త్వరగా కళ్ళు కప్పుకుపోతాయి. జర్మనీ దూరం అనుకోకు. పాస్టరును ఎంచుకునేటప్పుడు "మనవాడేనా?" అని పుట్టుకను ఆరా తీసే సంఘాలు మన డెల్టాలోనే ఉన్నాయి, సమాధుల తోటలో కూడా వరసలు వేరు చేసినచోట్లు ఉన్నాయి. 1933 నాటి నియమం అడిగినది కూడా పుట్టుకనే.

వ్యాఖ్యాత: ఇప్పుడు వచ్చిన ఫోన్ మొదటి శ్రోత గారి ఊరి నుంచేనని చెబుతున్నారు.

శ్రోత (యువకుడు): వందనాలు అయ్యగారూ. జెండా పరిచింది నేనే. నన్ను మా పెద్దాయన అవిశ్వాసిలా చూస్తున్నారు. నేను ఎందుకు పరిచానో ఎవరూ అడగలేదు. నేను పనిచేసే చెరువు దగ్గర, టీ బడ్డీ దగ్గర "మీది దొరల మతం, మీ దేశం ఏది?" అని అడుగుతారు. జెండా మందిరంలో ఉంటే, ఫోటో తీసి పెడితే, ఇక ఎవరూ అనరనుకున్నాను.

పాస్టరు గారు: నువ్వు ఫోన్ చేసినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది తమ్ముడూ. నీ మనసులో ఉన్నది భయం. దానిని తప్పు అని నేను అనను. అయితే భయంతో చూపించే ప్రేమకు అంతు ఉండదు. ఈ రోజు ఫోటో అడిగినవాడు రేపు మరొకటి అడుగుతాడు. మన రాజ్యాంగంలోని 25వ అధికరణం నీకు ఇచ్చిన మనస్సాక్షి స్వేచ్ఛకు నువ్వు ఎవరికీ రసీదు చూపించనక్కరలేదు.

అడిగినవాడు నిజంగా తెలుసుకోవాలనుకుంటే మాత్రం చెప్పు. నరసాపురానికి మిషనరీలు వచ్చింది 1830లలో. వారి కుటుంబాల ఆడవాళ్ళ దగ్గర మన ఆడవాళ్ళు నేర్చుకున్న లేసు ఈ రోజు నరసాపురం పేరుతోనే లోకానికి తెలుసు. కాటన్ దొర విగ్రహానికి దండ వేసే ఊళ్ళు మనవి. మేలు చేసినది ఏ దేశపు చెయ్యి అని గోదావరి రైతు లెక్క వేసుకోలేదు. 1905 క్రిస్మస్ నాడు బెంగాల్‌లోని సేరంపూరులో భారతీయ క్రైస్తవులే, భారతీయుల డబ్బుతో, భారతీయుల నాయకత్వంలో జాతీయ మిషనరీ సంఘాన్ని స్థాపించారు. అందులో కార్యదర్శిగా పనిచేసిన అజరయ్య గారే 1912లో దోర్నకల్ బిషప్పు అయ్యారు. రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ క్రైస్తవుడే. మతాన్ని బట్టి చట్టసభల్లో ప్రత్యేక స్థానాలు వద్దని 1949లో సభ నిర్ణయించినప్పుడు ఆయన ఆ నిర్ణయం వైపు నిలబడ్డాడు. ఇవన్నీ నీ ఇంటి సంగతులు, గొంతు పెంచకుండానే చెప్పవచ్చు.

ఇక జెండా. మందిరం ఆవరణలో కర్ర పాతండి. ఆగస్టు 15న, జనవరి 26న ఊరందరినీ పిలిచి ఎగరేయండి, నిలబడి జనగణమన పాడండి. తరువాత చెప్పులు విడిచి లోపలికి వెళ్ళండి. లోపల తెల్లగుడ్డే ఉండాలి.

శ్రోత (యువకుడు): సరే అయ్యగారూ. పెద్దాయనతో మాట ఎలా కలపాలి?

పాస్టరు గారు: శనివారం ఆ గుడ్డ ఉతికే ఇంటికి వెళ్ళు. గంజి పెట్టి ఆరిన తరువాత నువ్వే తెచ్చి బల్ల మీద పరచు. ఆ ఆదివారం దేశం కోసం ప్రార్థన ఎవరు చేయాలన్నది పెద్దాయన నిర్ణయిస్తారు.

వ్యాఖ్యాత: పెద్దాయన గారు ఇంకా లైన్లోనే ఉన్నారు.

శ్రోత (సంఘపెద్ద): వింటున్నానండీ. ఆ ప్రార్థన వాడే చేస్తాడు. గుడ్డ మా ఇంట్లోనే ఉంది, శనివారం పొద్దున్నే రమ్మనండి.