లక్ష్మి అని రాశావు సరే, మిగతా నాలుగొందలు ఎవరు గీస్తారు?

నమస్తే అండీ. ఈ వారం వేరే టాపిక్ అనుకున్నాను కానీ మొన్న ఆదివారం మా బాబాయి కొడుకు ఫోన్ చేసి గంటన్నర మాట్లాడాడు, దాంతో అది పక్కకి పోయింది. వాడికి బీటెక్ అయిపోయింది, ఈసీఈ, క్యాంపస్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫర్ కూడా వచ్చింది, జాయినింగ్ ఎప్పుడంటారో అని ఇంట్లో అందరూ కాచుకుని కూర్చున్నారు. వీడేమో "అన్నయ్యా, నాకు తెలుగు అక్షరాలంటే ప్రాణం, ఫాంట్లు చేసుకుంటూ బతుకుతాను, ఆఫర్ వద్దంటాను, నాన్నకి నువ్వే చెప్పు" అంటాడు. నేనే ఎందుకంటే మూడేళ్ళ నుంచి నేనూ అదే పని చేస్తున్నాను కాబట్టి. చేస్తున్నాను అంటే... రాత్రిళ్ళు.

లక్ష్మి అని ఎప్పుడైనా రాశావా అని అడిగాను. ఓ, చాలాసార్లు, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను, లైకులు బాగా వచ్చాయి అన్నాడు. నిజంగానే బాగా రాస్తాడు, కాదనను. కానీ కాగితం మీద ఒక్క మాట అందంగా రాయడం వేరు, ఫాంట్ వేరు. ఫాంట్‌లో ఆ క్షకి గుడి పెట్టి కింద మ వత్తు తగిలించాక, ఆ వత్తు కింది లైన్లో ఉన్న అక్షరం నెత్తి మీద కూర్చోకూడదు, అలాగని లైన్ల మధ్య అంత ఖాళీ వదిలితే పేజీ పళ్ళూడిన నోరులా ఉంటుంది. ఫోన్ యాప్‌లలో చూడండి, బటన్ మీద తెలుగు మాట ఉంటే కింద వత్తు సగం తెగిపోయి ఉంటుంది. ఎందుకంటే ఆ బటన్ ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకి కొలిచి చేసింది.

ఇంగ్లీషుకి 26 పెద్దవి, 26 చిన్నవి, అంకెలు, కామాలు, చుక్కలు, ఇవి గీస్తే ఒక ఫాంట్ నిలబడుతుంది. మనకి 36 హల్లుల్ని 12 గుణింతాలతో వేసుకుంటే అక్కడే 432, ఇంకా వత్తులు లెక్కలోకి రాలేదు. కొన్ని ముక్కలు అతికించి నెట్టుకురావచ్చు. కానీ మొ, యి లాంటివి ఏ లెక్కకీ లొంగవు, వాటిని విడిగా కూర్చుని గీయాల్సిందే. వాడిని అడిగింది అదేనండీ: మొదటి పది అక్షరాలు గీసేటప్పుడు ఉండే ఆనందం మూడొందలో అక్షరం దగ్గర, అంటే ఠ వత్తు దగ్గర, ఉంటుందా? ఠ వత్తు జీవితంలో ఎవరైనా ఎన్నిసార్లు టైప్ చేస్తారు చెప్పండి! అయినా గీయాలి, మళ్ళీ గీయాలి. ఆ పని ఇష్టమైతే ఫాంట్లు ఇష్టమైనట్టు. లేదంటే వాడికి ఇష్టమైనది లెటరింగ్, అంటే ఒక్కో మాటని అందంగా గీయడం. అదీ మంచి పనే, సినిమా టైటిళ్ళు, లోగోలు, పెళ్ళి శుభలేఖలు ఉన్నాయి, కాకపోతే దారి వేరు.

డబ్బు సంగతి కూడా చెప్పాను. గూగుల్ ఫాంట్స్‌లోకి వెళ్ళి తెలుగు అని వెతికితే పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ, పైన శ్రీకృష్ణదేవరాయలు... భువనవిజయం సభ దాదాపు అంతా ఉచితంగా డౌన్‌లోడ్ అవుతుంది. ముంబైలో ఫాంట్లు చేసే ఏక్ టైప్ వాళ్ళ బాలూ తమ్ముడు అనే ఫాంట్ కూడా ఉచితమే, 2022లో వచ్చిన అనేక్ తెలుగు కూడా. ఇన్ని ఉచితంగా దొరుకుతుంటే నీ ఫాంట్ కొనేదెవరు? కాబట్టి డబ్బులు వాడేవాడి దగ్గర నుంచి కాదు, చేయించుకునేవాడి దగ్గర నుంచి రావాలి. పత్రికలు, యాప్‌లు, పెద్ద బ్రాండ్‌లు తమకంటూ ఒక ఫాంట్ కావాలనుకున్నప్పుడు. ఆ పని ఇరవై రెండేళ్ళ కుర్రాడికి మొదటి రోజే రాదు. మొదట వచ్చేది చుట్టాల శుభలేఖ. నాకూ అదే వచ్చింది, పదకొండుసార్లు మార్పించారు, చివరికి భోజనం పెట్టి పంపారు. భోజనం బాగుంది.

చదువుకుంటానంటే మాత్రం దారి ఉంది, అది ఎవరూ చెప్పరు. ఎం.డిజైన్‌కి, అంటే డిజైన్‌లో పీజీకి, సీడ్ అనే పరీక్ష ఉంది, ఐఐటీ బాంబే ఏటా పెడుతుంది, ఇంజనీరింగ్ చేసినవాళ్ళూ రాయొచ్చు, వయసు పట్టింపు లేదు. ఆ ఐఐటీ బాంబేలోనే ఐడీసీ అనే డిజైన్ స్కూల్ 1969 నుంచీ ఉంది, అంత దూరం వద్దనుకుంటే సంగారెడ్డి దగ్గర కందిలో మన ఐఐటీ హైదరాబాద్ ఉంది. గీసి చూపించాల్సిన ప్రశ్నలు కూడా ఉంటాయి, కోచింగ్‌లో బట్టీ పట్టి గట్టెక్కేది కాదు.

మరి ఆఫర్ వదలాలా వద్దా అంటారా? నేనైతే వదలొద్దన్నాను. ధైర్యం లేక కాదు, హైదరాబాద్‌లో హాస్టల్ అద్దె కట్టాలి కాబట్టి. అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి, ఉద్యోగంలో చేరితే సాయంత్రాలు మిగులుతాయి అనేది పెద్ద అబద్ధం. ఆఫీసులో రిలీజ్ ఉన్న వారం నేను ఫాంట్ ఫైల్ తెరవను కూడా. అందుకే నా పని మూడేళ్ళుగా సాగుతూనే ఉంది.

బాబాయికి ఫోన్ చేశాను. "అక్షరాలు ఆల్రెడీ ఉన్నాయి కదరా, మళ్ళీ గీయడమేంటి?" అన్నారు. దానికి నా దగ్గర ఇంకా మంచి జవాబు లేదు. మావాడికి మాత్రం ఫాంట్‌ఫోర్జ్ అనే ఫాంట్లు చేసే సాఫ్ట్‌వేర్ వేసుకోమని చెప్పాను, అది ఉచితం, జాయినింగ్ డేట్ వచ్చేలోపు క గుణింతం, వత్తులతో సహా, పంపమన్నాను. నిన్న రాత్రి కౌ దాకా వచ్చింది. కృ మర్చిపోయాడు.